నృత్యానికి నీటి దృశ్యాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సమకాలీన నృత్య ప్రదర్శనకు నీరు ఇతివృత్తంగా వీడియో తయారు చేయడం గురించి ఈసారి పలువురు పాఠకులు రాశారు. ఉత్తరాలను కుదించి, ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: నీటిని ఇతివృత్తంగా తీసుకున్న 40 నిమిషాల నృత్యానికి వీడియో చేసే పని నాకు అప్పగించారు. సముద్రం, వాన, జలపాతం అన్నీ శ్రద్ధగా చిత్రీకరించాను. అయితే రిహార్సల్‌లో వెనక తెర మీద వేసి చూస్తే అందరి కళ్లూ తెరకే అతుక్కుపోయాయి, నర్తకులను చూసినవారే లేరు. వెలుతురు తగ్గిస్తే వీడియో వెలవెలబోతోంది. ఏం చేయాలి?

జవాబు: మీ చిత్రీకరణ బాగుండడమే మీ ఇబ్బందికి కారణమని నాకనిపిస్తోంది. విడిగా చూసినప్పుడు తనంత తానుగా నిలబడేలా తీసిన దృశ్యం, ఇంకొకరి పక్కన ఒదిగి ఉండడానికి అంత సులువుగా ఒప్పుకోదు. మన చూపు సహజంగా కదిలేదాని వైపు, వెలిగేదాని వైపు, పెద్దదాని వైపు పోతుంది. ఎనిమిది మీటర్ల తెర మీద ఎగసిపడే అలకు ఈ మూడు లక్షణాలూ ఉన్నాయి. దాని ముందు మసక వెలుతురులో నిలబడిన మనిషికి కదలిక ఒక్కటే ఉంది. పైగా చెట్టునో భవనాన్నో తీసినప్పుడు ఫ్రేములో కదిలేది కొంత, కదలనిది కొంత ఉంటుంది. పారే నీటిని తీస్తే ప్రతి బిందువూ ప్రతి క్షణమూ మారుతూనే ఉంటుంది కనుక కంటికి ఆనుకునే చోటు దొరకదు. అందువల్ల వెలుతురు తగ్గించినంత మాత్రాన పోటీ తగ్గదు. తగ్గించవలసింది కదలికను.

కెమెరా పక్కన పెట్టి ముందు రిహార్సల్ గదిలో కూర్చోండి. నృత్యంలో నీరు ఇప్పటికే ఎక్కడ ఉందో గుర్తించండి. నర్తకులు నేల మీద దొర్లుతూ, ఒకరి బరువు ఇంకొకరి మీద వాలుస్తూ, వెన్నెముక అడుగు నుంచి మెడ దాకా ఒక కదలికను పాకిస్తూ అలను దేహంతోనే చూపిస్తున్న ఘట్టంలో తెర మీద కూడా అల వేస్తే, చెప్పిన మాటనే మళ్లీ గట్టిగా చెప్పినట్టవుతుంది. ఆ ఘట్టంలో వీడియోకు పని లేదు. దేహానికి సాధ్యం కానివి నీటి దగ్గర కొన్ని ఉన్నాయి, వీడియో పట్టుకోవలసినవి అవి. నీటి గుండా వచ్చిన వెలుగు నేల మీద అల్లే వల అందులో ఒకటి. మనిషి పడే వేగం కంటే చాలా నెమ్మదిగా సాగే కాలం ఇంకొకటి. నీటి అడుగున పడుకుని పైకి చూసే చూపు మరొకటి: అక్కడి నుంచి చూస్తే పైలోకమంతా సుమారు 97 డిగ్రీల కోణంలో ఒక గుండ్రని కిటికీలోకి కుదించుకుపోయి కనిపిస్తుంది, ఆ వృత్తానికి బయట నీటి ఉపరితలం అద్దంలా అడుగునే ప్రతిబింబిస్తుంది. ఆ ఒక్క దృశ్యం దాదాపు కదలకుండా మూడు నిమిషాలు తెర మీద నిలిచినా ప్రేక్షకుడు విసుగు చెందడు. నర్తకుల నుంచి చూపు తిప్పుకోవలసిన అవసరమూ రాదు.

చిత్రమూ నృత్యమూ ఒకదాన్నొకటి మింగకుండా ఎలా ఉండగలవో తెలియడానికి నృత్యదర్శకురాలు లూసిండా చైల్డ్స్ 1979లో చేసిన నృత్యరచనను తలచుకోవచ్చు. శిల్పి, చిత్రకారుడు సోల్ లెవిట్ తీసిన ఫిల్మును వేదిక ముందు కట్టిన పలుచని తెర మీద వేశారు. తెర వెనక నర్తకులు అవే అడుగులు వేస్తుంటారు. ఫిల్ములో ఉన్నదీ అదే నృత్యమే, అవే లెక్కలు. అందువల్ల చూపు తెర మీది నుంచి దేహం మీదికి, అక్కడి నుంచి మళ్లీ తెరకు ఏ తడబాటూ లేకుండా వెళ్లి వస్తుంది. మీ నీటికి అడుగులు లేకపోవచ్చు, కాని ఊపిరి ఉంటుంది. ఒక ఘట్టంలో నర్తకులు ఎంతసేపటికి ఒకసారి శ్వాస తీసుకుంటున్నారో గమనించి, అలల రాకపోకలను ఆ వ్యవధికి సర్ది చూడండి. అడుగుకీ అలకీ లంకె పెట్టకండి, అది కాసేపట్లోనే ఆటబొమ్మలా తయారవుతుంది.

ఇక ఎడిటింగ్ గదిలో వెంటనే చేయగలిగినవి కొన్ని. దిగంతరేఖ కనిపించే షాట్లు తీసేయండి. ఆ గీత ఉన్నంతసేపూ తెర కిటికీ అవుతుంది, నర్తకులు దాని ముందు అడ్డంగా నిలబడ్డవారవుతారు. నీటిని తెర నిండా పరచకుండా మూడోవంతులో ఉంచి మిగిలినది నల్లగా వదిలేయండి. ఒక షాట్ నుంచి ఇంకొక షాట్‌కు కోసేటప్పుడు ఆ కోత కూడా ఒక కదలికేనని, వేదిక మీద ఎవరో గెంతినంత గట్టిగా అది కంటిని తాకుతుందని గుర్తుంచుకోండి. 40 నిమిషాలలో సగం సేపు తెర చీకటిగా ఉన్నా నేను తప్పు పట్టను. నిర్మాతలు పట్టవచ్చు, అది వేరే సంగతి.

ప్రశ్న: సముద్రానికి వెళ్లే వీలు లేక నీళ్లు నింపిన ట్రేలో అలలు సృష్టించి దగ్గర నుంచి తీశాను. కెమెరా తెరలో అద్భుతంగా ఉంది. పెద్ద తెర మీద వేస్తే మాత్రం ట్రేలో నీళ్లలాగే కనిపిస్తోంది. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: లోపం వేగంలో ఉంది. నీరు ఎంత పెద్దదో కన్ను దాని వేగాన్ని బట్టి అంచనా వేస్తుంది. లెక్క వేసి చూద్దాం. మీ ట్రే వెడల్పు 50 సెంటీమీటర్లు, తెర వెడల్పు 8 మీటర్లు అనుకుంటే దృశ్యం 16 రెట్లు పెరిగింది. ట్రేలో 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడే నీరు పావు సెకను లోపలే కిందికి చేరుతుంది. తెర మీద ఆ ఎత్తు 4 మీటర్లు అవుతుంది, నిజంగా 4 మీటర్ల నుంచి పడే నీటికి దాదాపు 0.9 సెకను పడుతుంది. అంటే 16 రెట్లు పెంచిన దృశ్యాన్ని 4 రెట్లు నెమ్మదించాలి. ఎన్ని రెట్లు పెంచితే దాని వర్గమూలం అంత నెమ్మది అని గుర్తుపెట్టుకుంటే చాలు. సెకనుకు 100 ఫ్రేములతో తీసి 25 ఫ్రేములతో చూపిస్తే ఈ లెక్క సరిపోతుంది. అంత వేగంతో తీసేటప్పుడు ఇంట్లో వాడే మామూలు లైట్లు పనికిరావు: కరెంటు 50 హెర్ట్జ్ అయితే అవి సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియకపోయినా కెమెరా పట్టేస్తుంది. మినుకు లేని లైటో ఎండో కావాలి.

ఇంత చేసినా కొంత నిజం బయటపడుతూనే ఉంటుంది. అలల పొడవు సుమారు 1.7 సెంటీమీటర్ల కంటే తక్కువైతే వాటిని నడిపేది ప్రధానంగా గురుత్వాకర్షణ కాదు, నీటి తలతన్యత. బొట్ల పరిమాణాన్ని నిర్ణయించేదీ అదే. ఎంత నెమ్మదించినా ఆ సన్నని ముడతలు, గుండ్రని బొట్లు మాత్రం సముద్రంలో కనిపించని పెద్దసైజులో తెర మీద తేలుతాయి. అందుకని నా సలహా ఏమిటంటే, ట్రేను సముద్రంగా నమ్మించే ప్రయత్నం మానేసి, కొలత తెలియనివ్వని దృశ్యాలను తీయండి.

వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని కొంచెం వివరంగా చెబుతాను. వెడల్పాటి పళ్లెం అడుగున అద్దం పరిచి, నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోయండి. ఒక వైపు నుంచి చిన్న, గట్టి లైటు ఒక్కటే వేయండి. మెత్తటి కాగితం గుండా వచ్చే లైటైతే ఏమీ జరగదు, కాంతి ఒకే బిందువు నుంచి రావాలి. అద్దం మీద పడి లేచిన వెలుగు ఎదుటి తెల్లగోడకు తగులుతుంది. ఇప్పుడు వేలికొసతో నీటిని తాకితే గోడ మీద వెలుగుగీతలు ఒకదానిలోకి ఒకటి జారుతూ, మధ్యమధ్యలో ముడిపడి మెరుస్తూ, మళ్లీ విడిపోతాయి. కెమెరాను గోడ వైపు తిప్పి ఆ వెలుగునే తీయండి. అందులో బొట్టు లేదు, అంచు లేదు, పళ్లెం లేదు. కాబట్టి ఎంత పెంచినా ఎవరికీ కొలత అందదు. వేలు తీసేశాక అలలు చల్లబడే ఆఖరి అరనిమిషం వదలకండి, నృత్యానికి ఎక్కువగా ఉపయోగపడే భాగం అక్కడే దొరుకుతుంది. పళ్లాన్ని గోడకు దగ్గరగా, దూరంగా జరిపితే గీతలు సన్నబడడం, చెదరడం కూడా కనిపిస్తుంది.

నీటిలోకి సిరా జారవిడిచి తీయడం అందరికీ తెలిసినదే, ఇప్పటికే అరిగిపోయినది కూడా. దానిని కొత్తగా వాడాలంటే గాజుతొట్టిలో అడుగున ఉప్పునీరు పోసి, దాని మీద పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి, పైన మంచినీరు నెమ్మదిగా పోసి, షీటును కదలిక రాకుండా లాగేయండి. పైనుంచి దిగిన సిరా బరువైన ఉప్పునీటి పొర దగ్గర ఆగి, మేఘంలా అడ్డంగా పరుచుకుంటుంది. సినిమాలలో కృత్రిమ మేఘాలను తీయడానికి ఈ పద్ధతినే వాడేవారు.

ఆరుబయట చెరువునో కొలనునో తీసేవారికి ఒక్క మాట. అడుగు కనిపించాలంటే లెన్సుకు పోలరైజింగ్ ఫిల్టర్ తగిలించి, నీటి మీద నిటారుగా ఊహించుకున్న గీత నుంచి సుమారు 53 డిగ్రీల వాలులో కెమెరా ఉంచి, ఫిల్టరును తిప్పి చూడండి. ఆకాశపు ప్రతిబింబం దాదాపు మాయమవుతుంది. వానను తీయాలంటే లైటు వాన వెనక ఉండాలి. ముందు నుంచి వేస్తే చినుకులు కనిపించవు.

ప్రశ్న: కంప్యూటర్‌లో చక్కగా ఉన్న వీడియో ప్రొజెక్టర్ మీద వేసేసరికి ముదురు నీలంలో మెట్లుమెట్లుగా చారలు, నురగలో గళ్లు కనిపిస్తున్నాయి. నల్లగా ఉండవలసిన చోట బూడిదరంగు చతురస్రం వెలుగుతోంది.

జవాబు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు. గళ్లకు కారణం ఫైలును బాగా కుదించడం. వీడియోను కుదించే పద్ధతులు సాధారణంగా ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మారనిదాన్ని మళ్లీ రాయకుండా చోటు మిగుల్చుకుంటాయి. నురగలో మారనిదంటూ ఏదీ ఉండదు కనుక ఇచ్చిన చోటు చాలక దృశ్యం గళ్లుగా విరిగిపోతుంది. ప్రదర్శనకు వాడే ఫైలును బాగా కుదించే హెచ్.264లో కాకుండా, తక్కువగా కుదించే ప్రోరెస్ లేదా హాప్ వంటి ఫార్మాట్‌లో తయారు చేయండి. ఫైళ్లు చాలా పెద్దవవుతాయి, వేగవంతమైన డిస్కు కావాలి, అయినా తప్పదు.

చారలకు కారణం రంగుల మెట్లు చాలకపోవడం. 8 బిట్లలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. ముదురు నీలం నుంచి నలుపుకు జారే వాలులో వాటిలో కొన్నే వాడుకలోకి వస్తాయి, వాటిని ఎనిమిది మీటర్ల మేర పరిస్తే ఒక్కొక్క మెట్టూ ఒక పట్టీ అవుతుంది. 1024 మెట్లున్న 10 బిట్లలో తీసి, అలాగే ఎడిట్ చేయండి. చివరలో కొద్దిపాటి గ్రెయిన్ కలపండి, ఆ సన్నని రేణువులు పట్టీల అంచులను చెరిపేస్తాయి.

బూడిదరంగు చతురస్రానికి పూర్తి మందు లేదు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, వెలుగును ఆపగలిగినంత ఆపుతుంది, అంతే. దృశ్యం అంచులను మెత్తగా చీకటిలోకి కరిగిస్తే చతురస్రం ఉన్నా దృష్టికి రాదు. వీడియో లేని ఘట్టాలలో నల్ల ఫైలు ఆడించి ఊరుకోకుండా ప్రొజెక్టర్ షట్టర్ మూయించండి. షట్టర్ లేకపోతే లెన్సు ముందుకు వచ్చే అట్టమూతను ఎవరైనా చేతితో నడిపినా సరిపోతుంది.

ప్రశ్న: ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టాలి? ముందు నుంచి వేస్తే నర్తకుల నీడలు తెర మీద పడుతున్నాయి. నీటి అలలు వారి ముఖాల మీద పాకడం కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు.

జవాబు: నచ్చనివారి పక్షాన నేనున్నాను, కనీసం ప్రదర్శనంతా అలాగే ఉంటే. దేహం మీద పాకే నీరు మొదటి నిమిషం అబ్బురంగా ఉంటుంది. తర్వాత కండరాల కదలిక, ముఖంలోని భావం దాని కింద కప్పబడిపోతాయి. ఒక్క ఘట్టానికి దాచుకోండి. ఆ ఘట్టంలో నర్తకుల దుస్తులు లేతరంగులో ఉండాలి, ముదురు బట్ట వెలుగును మింగేస్తుంది.

మిగిలిన ఘట్టాలకు తెర వెనక నుంచి వేయడం మేలు, స్థలం ఉంటే. ప్రొజెక్టర్ లెన్సుకు, తెర దూరానికీ దృశ్యం వెడల్పుకూ మధ్య ఒక నిష్పత్తి ఉంటుంది: అది 1.5 అయితే 8 మీటర్ల వెడల్పుకు 12 మీటర్ల దూరం కావాలి. వేదిక వెనక అంత చోటు అరుదుగా దొరుకుతుంది కాబట్టి దగ్గర నుంచి వెడల్పుగా వేసే లెన్సు తెప్పించుకోవలసి వస్తుంది. ముందు పలుచని జాలీతెర కట్టి దాని మీద వేయడం ఇంకొక దారి. నృత్యదర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ 1999లో చేసిన ఒక నృత్యరచనలో పాల్ కైజర్, షెల్లీ ఎష్కర్ రూపొందించిన డిజిటల్ ఆకృతులు అలాంటి తెర మీదే, నర్తకుల ముందు గాలిలో తేలుతున్నట్టు కనిపించాయి. నీటికి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే నర్తకులు నిజంగానే నీటి లోపల ఉన్నట్టుంటుంది. అయితే ప్రదర్శనంతా తెర గుండానే చూడవలసి రావడం ప్రేక్షకులకు అలసట. నేల మీద వేయడం గురించి అడిగినవారు ముందు ప్రేక్షకుల కుర్చీలలో కూర్చుని చూడండి. కుర్చీలు మెట్లుగా లేని హాలులో నేల మీది నీరు మొదటి వరసకు కూడా సరిగా కనిపించదు.

లైటింగ్ చేసేవారితో మొదటి రోజే కూర్చోండి. 10,000 లూమెన్ల ప్రొజెక్టర్ 8 మీటర్ల వెడల్పు, 4.5 మీటర్ల ఎత్తు ఉన్న తెర మీద చదరపు మీటరుకు దాదాపు 278 లూమెన్లు, అంటే 278 లక్స్ వెలుగు వేస్తుంది. వేదిక లైట్ల నుంచి చెదిరిన వెలుగు 30 లక్స్ తెర మీద పడినా తెలుపుకూ నలుపుకూ మధ్య తేడా పదింతలకు పడిపోతుంది, నీరంతా పలుచని పాలలా మారుతుంది. నర్తకులను పై నుంచి, ముందు నుంచి కాకుండా వేదిక పక్కలనుండే వింగుల లోంచి, మోకాలి ఎత్తున, నడుము ఎత్తున, తల ఎత్తున పెట్టిన సైడ్ లైట్లతో వెలిగిస్తే వెలుగు దేహాన్ని తాకి ఎదుటి వింగులోకి పోతుంది, తెరను అంటదు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. చూపంతా నిండేలా దృశ్యం ఒకే వైపుకు కదులుతుంటే తామే కదులుతున్నట్టు మనుషులకు భ్రాంతి కలుగుతుంది. ప్రేక్షకులకు అది చిన్న తల తిరుగుడు; ఒంటికాలి మీద నిలబడ్డ నర్తకికి పడిపోయే ప్రమాదం. నేల మీద ప్రవాహం వేసేటప్పుడు ఇది మరీ ఎక్కువ. అలాంటి దృశ్యాన్ని చివరి రిహార్సల్ దాకా దాచకుండా మొదటి వారంలోనే నర్తకుల ముందు పెట్టండి. ఎండలో మెరిసే నీటి తళుకులు సెకనుకు మూడుసార్లకు మించి తెరంతా వెలిగి ఆరుతుంటే మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదం కాబట్టి వాటిని నెమ్మదించండి, లేదా చిన్న భాగానికి పరిమితం చేయండి.

ప్రశ్న: నర్తకుల పాదాల దగ్గర అలలు పుట్టేలా సెన్సార్లు పెట్టాలనుకుంటున్నాము. పెట్టవచ్చా?

జవాబు: పెట్టవచ్చు. మామూలు కెమెరాతో నర్తకులను వెతికిస్తే అది మీరు నేల మీద వేసిన అలలనే చూసి గందరగోళపడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ లైటు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాడితే ప్రొజెక్టర్ వెలుగు దానికి అడ్డు రాదు. కెమెరా, కంప్యూటర్, ప్రొజెక్టర్ తలా కొంత ఆలస్యం చేస్తాయి, మొత్తం సెకనులో పదోవంతు దాటితే వెనకబాటు కంటికి తెలుస్తుంది. ఇక్కడ నీరు మీకు కలిసివచ్చింది: నిజమైన అల కూడా పాదం పడ్డాక మెల్లగానే పెరిగి విస్తరిస్తుంది. కాబట్టి పాదం కిందే మెరుపు వేయకుండా, కాస్త ఆగి మొదలై, నర్తకి వెళ్లిపోయాక కూడా కొనసాగే అలను రూపొందిస్తే ఆలస్యం సహజంగా కలిసిపోతుంది. కానీ ప్రతి అడుగుకూ అల పుడితే ప్రేక్షకుడు యంత్రాన్ని పరీక్షిస్తూ కూర్చుంటాడు. ఒక నర్తకికి మాత్రమే స్పందించి, మిగతావారికి స్పందించని నీటిలో నాకైతే ఎక్కువ నాటకం కనిపిస్తుంది.

ప్రశ్న: మా ప్రదర్శనకు సంగీతం ప్రత్యక్షంగా వాయిస్తారు. నిడివి రోజుకో విధంగా ఉంటుంది. వీడియోను ఎలా జత చేయాలి?

జవాబు: ఒకే పొడవాటి ఫైలుగా చేయకండి. ఘట్టాల వారీగా ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు మొదలు, ఎంతసేపైనా సాగగల లూప్, ముగింపు అని మూడు భాగాలు తయారు చేసుకోండి. క్యూల్యాబ్, ఐసడోరా వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనికి బాగా పనికివస్తాయి; రెండోదాన్ని ట్రాయికా రాంచ్ నృత్యబృందం వ్యవస్థాపకులలో ఒకరైన మార్క్ కొనిగ్లియో తన ప్రదర్శనల అవసరం కోసమే మొదలుపెట్టారు. లూప్ అతుకు దగ్గర చివరి రెండు మూడు సెకన్లను మొదటి సెకన్లలోకి కరిగించండి. చిన్న అలలు, వెలుగు వల, పొగమంచు అయితే అతుకు తెలియదు. నురగ, ఎగిరే తుంపర అయితే రెండు దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు తెలిసిపోతుంది కనుక వాటిని లూప్‌లో పెట్టకుండా మొదలుకో ముగింపుకో ఉంచండి.

మీట నొక్కేవారు సంగీతాన్ని బట్టి నొక్కాలా, నృత్యాన్ని బట్టి నొక్కాలా అని ఇంకొకరు అడిగారు. నృత్యాన్ని బట్టే. తెర నర్తకుల వెనక ఉంటే క్యూ, అంటే దృశ్యం మారవలసిన ఘడియ, వచ్చిందో లేదో వారికి కనిపించదు, ఆపరేటరే వారిని చూసి నడుచుకోవాలి. ఆపరేటరు కనీసం చివరి వారం రిహార్సళ్లకైనా పూర్తిగా రావాలి. క్యూ పట్టికలో నిమిషాలు, సెకన్లు రాయడం కంటే, ఫలానా నర్తకి ఎడమ చేయి నేలకు ఆనినప్పుడు అని రాసుకుంటే మేలు. ప్రదర్శన రోజున ఆ పట్టిక కాగితం మీద ఒక ప్రతి, వీడియో ఫైళ్లన్నీ వేరొక కంప్యూటర్‌లో ఒక ప్రతి సిద్ధంగా ఉంచుకోండి.